ఆగిపోవడం చిన్న లోపమా?

అశ్వారావుపేటలో ఆన్‌లైన్ సెంటరు నడిపే అన్న ఒకవైపు, హైదరాబాదులో క్లౌడ్ సర్వర్లు చూసే చెల్లెలు ఇంకోవైపు. వరసకు అన్నదమ్ముల పిల్లలు. వర్చువల్ మెషీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్‌లో పదేపదే బయటపడే ఒక తరహా లోపం గురించి వాళ్ళిద్దరి వాదన ఇది. మధ్యమధ్య వచ్చే మాటలు నావి. నేను ఎవరి పక్షమో దాచుకోను.

చెల్లి: అన్నయ్యా, లోపం అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టకు. ఒక పెద్ద సర్వర్ మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. ఒక్కోదాంట్లో ఒక్కో సంస్థ పని. వాటికి ప్రాసెసర్, మెమరీ పంచిపెట్టి, ఒకదాని జోలికి ఇంకోటి పోకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్. అందులో లోపం వల్ల పక్కవాళ్ళ డేటా బయటికి పోతోందంటే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. సర్వర్ ఆగిపోతుంది గానీ డేటాకి ఢోకా లేదంటే మాత్రం తర్వాతి మెయింటెనెన్స్‌లో సరిచేస్తాం. ఆగిన సర్వర్‌ని మళ్ళీ స్టార్ట్ చేయొచ్చు. బయటికి పోయిన డేటాని ఎవరూ వెనక్కి తేలేరు.

అన్న: మళ్ళీ స్టార్ట్ చేయొచ్చు అన్నావు చూడు, అక్కడే నీకూ నాకూ తేడా వస్తోంది. ఈ మధ్య కాలేజీ సీట్లకి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజున ఒక కోయ పిల్ల, వాళ్ళమ్మ నా సెంటరుకొచ్చారు. అడవి అంచున గూడెం వాళ్ళది. పొద్దున్నే ఆటో పట్టుకుని వచ్చారు. తల్లి పామాయిల్ తోటలో కూలి మానుకుంది. పిల్ల నోటుబుక్కులో కాలేజీల పేర్లు వరసగా రాసుకొచ్చింది. ఒకటి కొట్టేసి దాని మీద ఇంకోటి, మళ్ళీ బాణం గీసి పైకి మార్చింది. ఎన్ని రాత్రులు ఆలోచించిందో పాపం. సైటు తెరుచుకోలేదు. మధ్యాహ్నం చూశాం, సాయంత్రం చూశాం, తెర మీద ఆ గుండ్రం తిరగడమే. చీకటి పడితే ఆటో దొరకదని వెళ్ళిపోయారు. రాత్రికి సైటు వచ్చింది. నేను పెడదామంటే ఆ పిల్ల ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. వాళ్ళ గూడెంలో సిగ్నల్ లేదు. మీ లెక్కలో ఆ సర్వర్ అదే రోజు మళ్ళీ స్టార్టయింది. ఆ పిల్లకి కాలేదు.

చెల్లి: వింటుంటే నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ ఆ రోజు సైటు ఎందుకు ఆగిందో నీకు తెలుసా? ఆఖరి రోజు కాబట్టి అందరూ ఒక్కసారే మీదపడి ఉండొచ్చు. అది లోడు తట్టుకోలేక పడిపోవడం. ఎవడో కావాలని వేల కంప్యూటర్ల నుంచి రిక్వెస్టులు కుమ్మరించి సైటుని ముంచడం ఇంకోటి. నేను చెప్పేది మూడో రకం. హైపర్‌వైజర్ రాసినప్పుడు దొర్లిన పొరపాటు వల్ల, లోపలున్న ఒక్క వర్చువల్ మెషీన్ సర్వర్ మొత్తాన్ని పడగొట్టగలగడం. మూడూ వేరువేరు.

అన్న: ఎందుకు ఆగిందో నాకెవరూ చెప్పలేదు, అడగడానికి నెంబరూ లేదు. అందుకే దాన్ని నీ మూడో రకం ఖాతాలో రాయను. ఆగితే ఇక్కడ ఏమవుతుందో చూపించానంతే. అయినా నాకు ఎక్కువ భయం ఆ మూడోదంటేనే. మన బోర్ల దగ్గర ఒక 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లుంటాయి? ఒకరి మోటారు వైండింగ్ కాలి షార్టయితే ఫ్యూజులు కొట్టేస్తాయి. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఆ మోటారుతో ఏ సంబంధం లేనివాళ్ళ తోటలు కూడా ఎండుతాయి. నువ్వు చెప్పేది అదే కదా?

చెల్లి: అదే, కానీ ఒక తేడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరెవరున్నారో మీకు తెలుసు. రాత్రికి వెళ్ళి మోటారు బాగు చేయించమని అడగ్గలరు. క్లౌడ్‌లో పక్క మెషీన్ ఎవరిదో తెలీదు, తెలియకూడదు కూడా. పక్కవాడు మంచివాడు కాకపోయినా నీ పని ఆగకుండా చూస్తానన్నదే హైపర్‌వైజర్ ఇచ్చే మాట.

అన్న: మాట ఇచ్చి తప్పితే దాన్ని చిన్న లోపం అంటారా?

*

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. చెల్లెలు ఆఖరున అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. సొంత కంప్యూటర్ ఆగితే అది సొంత కష్టం. పంచుకున్న సర్వర్ ఆగితే ఏ తప్పూ చేయనివాళ్ళ పని కూడా ఆగుతుంది. దాన్ని ఆపాలనుకున్నవాడు గోడలు పగలగొట్టి లోపలికి రానక్కర్లేదు. డబ్బు కట్టి గంటల లెక్కన ఒక వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకుంటే లోపలున్నట్టే. ఈ తరహా లోపం ఎంత చిన్న మూలలో దాక్కుంటుందో తెలియాలంటే ఒకటి రెండు దగ్గర నుంచి చూడాలి. ఆ పని చెల్లెలికే వదిలేస్తాను. వాదనలో తన వైపుకు నష్టమని తెలిసినా ఆమె ఏదీ దాచలేదు.

*

చెల్లి: 2015 నవంబరులో బయటపడ్డది చెబుతా. మెమరీలో డేటా సరైన హద్దు మీద అమరి లేకపోతే ప్రాసెసర్ ఒక హెచ్చరిక లేపేలా పెట్టుకోవచ్చు. ఆ హెచ్చరికని అందించాలంటే స్టాక్ అనే చోట కొన్ని విలువలు రాయాలి. గెస్ట్ మెషీన్, అంటే లోపల నడిచే వర్చువల్ మెషీన్, ఆ స్టాక్‌ని కూడా కావాలనే వంకరగా అమర్చిందనుకో. మొదటి హెచ్చరికని అందించబోతే రెండోది లేస్తుంది. రెండోదాన్ని అందించబోతే మూడోది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ ఆ చుట్టులో పడిపోయి బయటి నుంచి వచ్చే ఇంటరప్ట్‌ని కూడా పట్టించుకోదు. హైపర్‌వైజర్‌కి తన వంతు తిరిగి రాదు. ఆ కోర్ పోయినట్టే, కాసేపట్లో సర్వరే బిగుసుకుపోతుంది. జెన్, కేవీఎం అనే హైపర్‌వైజర్లు రెండిటికీ తగిలింది. మైక్రోసాఫ్ట్ తన హైపర్-వీకి కూడా ప్యాచ్ ఇచ్చింది.

అన్న: వేరువేరు వాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఒకే దెబ్బ ఎట్లా తగిలింది?

చెల్లి: కిందున్న ప్రాసెసర్ తీరే అది కాబట్టి. హైపర్‌వైజర్ రాసినవాళ్ళు ఆ హెచ్చరిక గెస్ట్ లోపలి వ్యవహారం, మనకెందుకని వదిలేశారు. వదిలేయకుండా మధ్యలో పట్టుకోవడమే మందు. చాలా చిన్న మార్పుతో సరిపోయింది. దాంతో డేటా పోదు, కోర్ ఆగుతుంది, అంతే. పైగా అది చేయాలంటే గెస్ట్ మెషీన్‌లో అడ్మిన్ అధికారం ఉండాలి. దారినపోయేవాడు చేయలేడు.

అన్న: అద్దెకు తీసుకున్నవాడు తన మెషీన్‌కి తనే అడ్మిన్ కదమ్మా! ఇంకెవరి అనుమతి కావాలి వాడికి?

చెల్లి: అది నిజమే.

అన్న: ఇంకోటి చెప్పు. ఫ్లాపీ గొడవ అని చదివినట్టు గుర్తు.

చెల్లి: వెనమ్. 2015 మే 13న ప్రకటించారు. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పరిశోధకుడు జేసన్ గెఫ్నర్ కనిపెట్టాడు. హైపర్‌వైజర్‌తో కలిసి నడిచే క్యూఎంయూ అనే ఎమ్యులేటర్ గెస్ట్ మెషీన్‌కి ఉత్తుత్తి పరికరాలు తయారుచేసి ఇస్తుంది. అందులో ఒకటి ఫ్లాపీ డ్రైవ్ కంట్రోలర్. గెస్ట్ పంపే కమాండ్లు దాచుకోవడానికి దానికి 512 బైట్ల చోటుంది. ఒక కమాండ్ పూర్తవగానే లెక్క మళ్ళీ మొదటికి రావాలి. రెండు కమాండ్ల దగ్గర మాత్రం రాలేదు. వాటితో డేటా పోస్తూ పోతే ఆ చోటు దాటి పక్క మెమరీ మీద పడుతుంది. మామూలుగా పోస్తే ఎమ్యులేటర్ కూలిపోతుంది. తెలివిగా పోస్తే దాడి చేసేవాడు బయటి సర్వర్ మీదే తన కోడ్ నడిపించగలడు. ఆ లోపం 2004 నుంచీ ఉంది.

అన్న: పదకొండేళ్ళు ఎవరి కంటా పడలేదా?

చెల్లి: 2015లో ఫ్లాపీ వాడేవాళ్ళెవరు, అటు చూసేవాళ్ళెవరు? ఇంకో సంగతుంది. సెట్టింగుల్లో ఫ్లాపీ డ్రైవ్ తీసేసినా ఆ కంట్రోలర్ కోడ్ లోపల అట్లాగే ఉండిపోయేది. మెషీన్ యజమాని జాగ్రత్తపడినా లాభం లేకపోయింది.

అన్న: చూశావా, కూలిపోవడానికీ దొంగతనానికీ మధ్య ఎంత సన్నని గీతో! ఇవాళ 'ఆగిపోతుంది, అంతే' అనుకున్నది, తెలివైనవాడి చేతిలో పడితే రేపు తలుపవుతుంది.

చెల్లి: అన్నీ అట్లా మారవు. ఇందాకటి హెచ్చరికల చుట్టుతో ఎంత తెలివైనవాడైనా ఆపడం తప్ప ఇంకేం చేయలేడు. మారగలిగేవాటికి మేం ముందే ఎక్కువ మార్కులేస్తాం. మాకు సీవీఎస్ఎస్ అని ఒక కొలత ఉంది, పదికి మార్కులు. ఒక గెస్ట్ నుంచి హోస్ట్‌ని, అంటే కిందున్న సర్వర్‌ని, ఆపగలిగి, డేటా జోలికి పోలేని లోపానికి సాధారణంగా 6.5 వస్తుంది. 4 నుంచి 6.9 దాకా మధ్యరకం. అదే దారిన డేటా చదవడం, మార్చడం కూడా వీలైతే 8.8. అది తీవ్రం కింద లెక్క. 8.8 వచ్చింది ముందు సరిచేస్తాం, 6.5 వచ్చింది వరసలో నిలబడుతుంది. వారానికి కుప్పలుకుప్పలుగా వస్తుంటాయి అన్నయ్యా, వరస పెట్టకపోతే ఏ పనీ కాదు.

అన్న: ఆ 6.5 వేసేటప్పుడు ఆ సర్వర్ మీద ఏం నడుస్తోందో చూస్తారా?

చెల్లి: మార్కు లోపానికి. సర్వర్‌కి కాదు.

అన్న: అంటే సర్వర్ మీద సినిమా టికెట్ల సైటున్నా 6.5, నూట ఎనిమిది అంబులెన్సు పిలుపులున్నా 6.5?

చెల్లి: మూల మార్కు అంతే. కానీ ఆ కొలతలోనే ఇంకో భాగం ఉంది. మన దగ్గర పరిస్థితిని బట్టి మార్కుని మనమే మార్చుకోవచ్చు. మా సేవ ఆగడానికి వీల్లేనిది అని గుర్తు పెడితే మార్కు పెరుగుతుంది. తయారుచేసినవాళ్ళు ఆలోచించే పెట్టారు.

అన్న: పెడుతున్నారా మరి?

చెల్లి: (కాస్త ఆగి) చాలామంది మూల మార్కు చూసి ఊరుకుంటారు. మేమూ అంతే.

*

ఈ ఒప్పుకోలు దగ్గర నేను అన్న పక్షం చేరుతున్నాను. మార్కు అబద్ధం చెప్పడం లేదు. యంత్రానికి ఏమవుతుందో అది సరిగ్గానే చెబుతోంది. ఆ యంత్రం వెనక వేచి ఉన్న మనిషికి ఇంకో దారి ఉందా లేదా అన్నది దానికి తెలియదు. హైదరాబాదులో సైటు ఆగితే మనిషి రాత్రికి ఇంట్లో కూర్చుని మళ్ళీ ప్రయత్నిస్తాడు. అశ్వారావుపేట అవతలి గూడేల నుంచి వచ్చినవాళ్ళకు ఆ ఒక్క పగలే ఉంటుంది. అదే లోపం, అదే 6.5. పామాయిల్ రైతులకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కోసిన గెలలు ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీ చేరకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుందని వాళ్ళకు తెలుసు. ఆలస్యాన్ని వాళ్ళు నష్టంగానే లెక్కపెట్టుకుంటారు.

అయితే చెల్లెలి దగ్గర ఇంకా గట్టి వాదన మిగిలే ఉంది. దాన్ని తేలిగ్గా దాటేస్తే అన్యాయం చేసినట్టవుతుంది.

*

చెల్లి: సరే, అన్నిటినీ వెంటనే సరిచేద్దాం అనుకో. ఎట్లా చేస్తాం? హైపర్‌వైజర్ మార్చాలంటే చాలాసార్లు సర్వర్ రీబూట్ చేయాలి. రీబూట్ చేస్తే దాని మీదున్నవన్నీ ఆగుతాయి. 2014 సెప్టెంబరులో జెన్‌లో ఒక లోపం దొరికింది. గెస్ట్ మెషీన్ హోస్ట్‌ని పడగొట్టొచ్చు, లేదా పక్కవాళ్ళ మెమరీ కొంత చదవొచ్చు. అది బయటికి ప్రకటించేలోపు సరిచేయాలని అమెజాన్ తన క్లౌడ్ సర్వర్లలో దాదాపు పది శాతాన్ని రీబూట్ చేసింది. దాడి చేసేవాడు ఆపకముందే మనమే ఆపుకున్నట్టు కదా? డేటా పోయే ప్రమాదం ఉంది కాబట్టి దానికి సరిపోయింది. ప్రతి 6.5కీ అదే చేస్తే నీ సెంటర్లో సైటు వారానికోసారి ఆగుతుంది.

అన్న: ఆగేదేదో ముందే చెప్పి రాత్రిపూట ఆపితే నేను తట్టుకుంటా. చెప్పకుండా ఆఖరి రోజు ఆగితేనే కష్టం.

చెల్లి: రీబూట్ ఒక్కటే కాదు. 2019 నవంబరులో ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంకో లోపం బయటికొచ్చింది. గెస్ట్ మెషీన్ మెమరీ పేజీల సైజుని ఒక పద్ధతిలో మారిస్తే హోస్ట్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. దానికి కేవీఎంలో పెట్టిన మందు ఏంటంటే, పెద్ద పేజీల్లో కోడ్ నడవనివ్వకుండా, నడపాల్సి వచ్చినప్పుడల్లా వాటిని చిన్న పేజీలుగా విడగొట్టడం. పనిచేస్తుంది, కానీ కొన్ని పనులు నెమ్మదిస్తాయి. ఎప్పుడో ఒకడు దాడి చేస్తాడేమోనని రోజూ అందరూ కొంత వేగం వదులుకోవాలి. ఇది ఎవరు నిర్ణయించాలి?

అన్న: నిర్ణయించేది మీరే కదా. నేనైతే కాస్త నెమ్మదైనా ఆగనిది కావాలంటా.

చెల్లి: ఇంకా అన్నిటికన్నా ముఖ్యమైంది 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ రక్షణ కోసమే ఒక అప్‌డేట్‌ని ప్రపంచమంతా ఒక్కసారే వదిలింది. అందులో తప్పుంది. 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. చాలావాటి దగ్గరికి మనిషి వెళ్ళి ఒక్కోదాన్నీ చేత్తో సరిచేయాల్సి వచ్చింది. శంషాబాదులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసుతో జనం విమానం ఎక్కారు. ఏ దొంగా చేయలేనంత పెద్ద ఆపుదల అది, రక్షించేవాళ్ళ తొందర వల్ల జరిగింది. అందుకే నేను 6.5ని ఆచితూచి చేస్తానంటున్నా.

*

ఆ తేదీ అశ్వారావుపేటలో అందరికీ గుర్తుండేది వేరే కారణంతో. ముందురోజు, జూలై 18 రాత్రి, ఈ మండలంలోని గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడింది. దిగువన ఆంధ్రప్రదేశ్ వైపు ఊళ్ళ మీదికి కూడా నీళ్ళు పోయాయి. శంషాబాదు విమానాల గొడవ ఇక్కడ ఆ వారం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఫ్లాపీ లోపాన్ని కనిపెట్టి లోకానికి మేలు చేసిన సంస్థా, ఈ తప్పుడు అప్‌డేట్ వదిలిన సంస్థా ఒకటే. చెల్లెలు ఆ సంస్థను నిందించడానికి ఈ ఉదాహరణ తేలేదు. ఎంత నేర్పున్నవాళ్ళకైనా తొందర ప్రమాదమేనని చెప్పడానికి తెచ్చింది. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అన్న కూడా ఒప్పుకున్నాడు, కానీ అక్కడితో ఆగలేదు.

*

అన్న: ఒక్కసారే అందరికీ వదలడం తప్పు, కాదనను. కానీ ఆచితూచి అని నువ్వన్నది, చేతిలోకొచ్చేసరికి తర్వాత చూద్దాం అవుతోంది. వీఎంవేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్ఐ హైపర్‌వైజర్ సంగతి ఏమైంది? ప్యాచ్ 2021 ఫిబ్రవరిలో ఇచ్చారు. 2023 ఫిబ్రవరిలో ఆ పాత లోపం దారినే రాన్సమ్‌వేర్ వచ్చి పడిందని అన్నారు. వేల సర్వర్లు ఆగాయి. రెండేళ్ళు అమ్మా! రెండేళ్ళలో ఒక్క రాత్రి దొరకలేదా రీబూట్ చేయడానికి?

చెల్లి: దానికి మార్కు ఎక్కువే ఉంది అన్నయ్యా. మధ్యరకం కాదది. ఆ సర్వర్లు చూసేవాళ్ళ నిర్లక్ష్యం.

అన్న: ఎక్కువ మార్కు వచ్చినదానికే రెండేళ్ళు పడితే, తక్కువ మార్కు వచ్చినదాని గతేంటి? వరసలో నిలబడుతుంది అన్నావు. ఆ వరస కదులుతోందని నాకేంటి నమ్మకం?

చెల్లి: (మాట్లాడలేదు.)

అన్న: 2019 మే నెల మొదట్లో మన కరెంటోళ్ళకి ఏమైందో నీకు గుర్తుందా? తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల ఆన్‌లైన్ వ్యవస్థల మీద రాన్సమ్‌వేర్ పడింది. మనకి కరెంటిచ్చే వరంగల్ డిస్కం కూడా అందులో ఉంది. నాలుగు సంస్థలు, రెండు రాష్ట్రాలు, ఒకేసారి. ఆన్‌లైన్లో బిల్లు కట్టడానికి లేకుండా పోయింది.

చెల్లి: అది హైపర్‌వైజర్ లోపం కాదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

అన్న: తెలుసు. నేను చెప్పేది ఒకే చోట అందరినీ కూర్చోబెట్టడం గురించి. 2024 జూలై ఆఖరున చిన్న బ్యాంకుల సంగతి చూడు. వాటికి సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే ఒక్క సంస్థ మీద దాడి జరిగింది. దేశంలో దాదాపు మూడువందల చిన్న బ్యాంకుల ఖాతాదారులకి యూపీఐ ఆగింది. సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు. ఎవరి ఖాతాలుంటాయి వాటిలో? పెద్ద బ్యాంకువాడికి రెండో కార్డు ఉంటుంది. వీళ్ళకి ఉండదు.

చెల్లి: అక్కడ ఆపింది దొంగ కాదు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ. రోగం మిగతా నెట్‌వర్క్‌కి పాకకుండా సీ-ఎడ్జ్‌ని విడదీసింది. మర్నాటికి మళ్ళీ కలిపింది. ఆపడం కూడా కొన్నిసార్లు రక్షణే అన్నయ్యా. అందుకే ఆగిపోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం అని నేను ఒప్పుకోలేను. డబ్బు మాయమవడం కన్నా ఒక రోజు ఆగడం నయం కాదా ఆ ఖాతాదారుకి?

అన్న: నయమే. ఖాతాలో డబ్బు పోతే ప్రాణం పోయినట్టే మనవాళ్ళకి. ఆ మాట ఒప్పుకుంటా. ఆగడం అన్నిటికన్నా పెద్దదని నేను అనను. చిన్నదని ముందే రాసిపెట్టి పక్కన పెట్టొద్దంటున్నా.

చెల్లి: అయితే నీ లెక్కలో ఏం చేయాలి? మాటలు కాదు, పని చెప్పు.

అన్న: నువ్వే చెప్పు, నీ పనే కదా. ఒక సర్వర్ ఆగినా నా సైటు ఆగకుండా ఉండే దారి లేదా?

చెల్లి: ఉంది. ఒకటేంటంటే లైవ్ మైగ్రేషన్. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని అట్లాగే ఇంకో సర్వర్ మీదికి జరుపుతాం, వాడేవాళ్ళకి తెలియనంత చిన్న విరామంతో. ఖాళీ అయిన సర్వర్‌కి నింపాదిగా ప్యాచ్ వేయొచ్చు. కానీ జరపడానికి ఖాళీ సర్వర్లుండాలి. ఖర్చు తగ్గించాలని ఉన్నవాటిలో కిక్కిరిసి నింపితే జరిపే చోటుండదు. రెండోది, ఒకే సేవకి రెండు కాపీలు పెట్టి, ఆ రెండూ ఒకే సర్వర్ మీద పడకుండా నియమం రాయడం. అప్పుడు హైపర్‌వైజర్ లోపంతో ఎవడైనా ఒక సర్వర్‌ని పడగొట్టినా రెండో కాపీ నిలబడుతుంది. ఇది చాలామంది చేశామనుకుంటారు. తీరా చూస్తే రెండు కాపీలూ ఒకే పెట్టె మీద ఉంటాయి.

అన్న: రెండు కాపీలున్నాయని కాగితం మీద ఉంటుంది, పెట్టె ఒకటే!

చెల్లి: మూడోది అసలు లోపాలే తగ్గించడం. ఫ్లాపీ నేర్పిన పాఠం అది. వాడని పరికరాల కోడ్ ఉంచుకోవడమే ప్రమాదం. అమెజాన్ 2018లో ఫైర్‌క్రాకర్ అని ఒకటి బయటపెట్టింది. గెస్ట్‌కి అది చూపించే పరికరాలు కొద్దిపాటివే: నెట్‌వర్క్, డిస్క్, హోస్ట్‌తో మాట్లాడే సాకెట్, సీరియల్ కన్సోల్, మెషీన్‌ని ఆపడానికి మాత్రమే పనికొచ్చే కీబోర్డు కంట్రోలర్ లాంటివి. రాసింది రస్ట్ భాషలో. మెమరీ హద్దు దాటి రాసే వెనమ్ లాంటి పొరపాట్లని ఆ భాష చాలావరకు ముందే పట్టేస్తుంది. అయినా ప్రాసెసర్‌లోనే ఉన్న లోపాలకి అది మందు కాదు.

అన్న: ఇవన్నీ సర్కారు సైట్లకి చేయలేరా? క్లౌడ్ ఎక్కడో అమెరికాలో లేదు కదా ఇప్పుడు. అమెజాన్‌వాళ్ళ డేటా సెంటర్లు హైదరాబాదులోనే 2022 నుంచీ నడుస్తున్నాయి.

చెల్లి: చేయొచ్చు. టెండర్‌లో రాయాలి. రెండు కాపీలు వేరువేరు సర్వర్ల మీద ఉండాలని, ఏడాదికోసారి ఒక సర్వర్‌ని కావాలనే ఆపి చూపించాలని. రాయకపోతే ఎవరూ చేయరు, ఎందుకంటే ఆగనంతకాలం ఆ ఖర్చు దండగలా కనబడుతుంది. అడిగేవాళ్ళు లేరు.

అన్న: నేను అడుగుతున్నా కదా. ఇంకోటి కూడా అడుగుతా, దానికి సర్వర్లు అక్కర్లేదు. ఆఖరి తేదీన సైటు ఆగితే, ఆగినన్ని గంటలు పొడిగించడం కాదు, ఇంకో పూర్తి పగలు ఇవ్వాలి. ఎవరో దరఖాస్తు పెట్టుకుని, పేపర్లో వచ్చి, మంత్రిగారు చెప్పాక కాదు. ముందే రాసి ఉండాలి. రాత్రి పదింటికి సైటు తిరిగొచ్చి పన్నెండింటికి గడువు ముగిస్తే, ఊళ్ళో ఉన్నవాడికి రెండు గంటలు దొరికాయి, గూడెంలో ఉన్నవాడికి ఏమీ దొరకలేదు. ఎందుకు ఆగిందో కూడా ఒక ముక్క రాసి పెట్టాలి. లోడా, దాడా, లోపమా అని. నాకు తెలిస్తే వచ్చినవాళ్ళకి చెప్పుకుంటా. ఏమీ తెలీకపోతే వాళ్ళు నా కంప్యూటర్ మంచిది కాదనుకుని పక్క సెంటరుకి పోయి అక్కడా డబ్బులిచ్చుకుంటారు.

చెల్లి: కారణం రాయడానికి భయపడతారు అన్నయ్యా. లోపం సరిచేయకముందే ఇదీ లోపం అని చెబితే ఇంకొకడు వాడుకుంటాడు. జెన్ వాళ్ళు కూడా ప్యాచ్ సిద్ధమయ్యేదాకా బయటపెట్టరు. ముందుగా తెలిసే జాబితా ఒకటి ఉంటుంది, అందులోవాళ్ళు సర్దుకున్నాకే లోకానికి చెబుతారు.

అన్న: సరిచేశాక చెప్పమను. ఆ తర్వాతైనా చెప్పడానికి అడ్డేంటి?

చెల్లి: అడ్డేం లేదు. అది చేయాల్సిందే.

అన్న: మరి నీ 6.5 సంగతి?

చెల్లి: మూల మార్కు చూసి ఊరుకోవడం తప్పని ఒప్పుకుంటా. ఏ సర్వర్ మీద ఏ సేవ ఉందో, అది ఆగితే రెండో దారి లేనివాళ్ళెవరో రాసుకుని మార్కు పెంచాలి. మా టీములో అడుగుతా ఈ మాట. కానీ వార్త రాగానే ఆ రాత్రే అన్నిటికీ వేసెయ్యమంటే ఒప్పుకోను. దఫాలుగానే చేస్తా. మొదట కొన్నిటికి వేసి, రెండు మూడు రోజులు చూసి, తర్వాత మిగతావాటికి.

అన్న: దఫాలుగానే చెయ్యి. మొదటి దఫాలో ఎవరుంటారు?

చెల్లి: మామూలుగా అయితే ఆగినా పెద్ద నష్టం లేనివి ముందు. ప్యాచ్‌లోనే తప్పుంటే అక్కడే తెలుస్తుంది కదా. గూడెం పిల్లలు వాడే సైటు మీద నేను ప్రయోగం చేయలేను.

అన్న: చేయొద్దు. కానీ ఆఖరి దఫాలోకీ నెట్టొద్దు. రెండోదాంట్లో పెట్టు. ఆఖరి తేదీ ఎప్పుడో ముందే కనుక్కుని, దానికి వారం ముందే అయిపోయేట్టు చూడు.

చెల్లి: ఆ తేదీలు మాకెవరూ ఇవ్వరు అన్నయ్యా.

అన్న: నా సెంటరు గోడ మీద అతికించి ఉంటాయి, ఏ దరఖాస్తుకి ఏ రోజు ఆఖరో అన్నీ. ఫోటో తీసి పంపిస్తా.